ఏడో చక్రం

ఆ రోజుల్లో ఇంట్లో ఏదైనా చెడిపోతే బాగుచేసేవాడిని వెతకడం రెండో పని. ఇంటిల్లిపాదీ తలా ఒక చెయ్యి వేసి దాన్ని ఇంకాస్త చెడగొట్టడం మొదటి పని. ఇప్పటివాళ్లకు ఇది పిసినారితనంగా కనిపిస్తుంది. (మా కోడలు ఆ మాట నోటితో అనదు. మిక్సీని రిపేరుకు ఇచ్చేటప్పుడు నా కంటబడకుండా సంచిలో పెట్టుకొని పోతుంది, అంతే.) అయితే లోపల ఏముందో చూడకుండా ఒక వస్తువుతో కాపురం చేయడం నాకు అప్పుడూ చేతకాలేదు, ఇప్పుడూ చేతకాదు. ఆ బుద్ధి వల్ల బాగుపడినవి కొన్ని, పాడైనవి కొన్ని. ఒకే రోజున పాడై, బాగుపడింది మాత్రం మా పాత కారు ఒక్కటే.

మాది పలమనేరు పక్క. మా పెద్దది చంక దిగి గోడ పట్టుకొని నడుస్తున్న కాలమది. అప్పటిదాకా ఇంకొకరి పాల వ్యాను తోలి, ఆ యజమాని కసురులు తిని తిని, మా ఆయన ఒక రోజు పాత కారు కొని బాడుగకు తిప్పుతానన్నాడు. మా అత్త ఉన్న ఆవుల్లో తన చేతుల మీద పెరిగిన రెండింటిని అమ్మి ఇచ్చింది. ఇచ్చేటప్పుడు ఒకటే మాట అన్నది. "ఆవు గడ్డి తిని పాలిస్తాది. ఇది ఏం తిని ఏమిస్తాదో సూస్తా. బాడుగలు రాలేదా, దీన్ని అమ్మేసి మళ్లీ వ్యానెక్కాల్సిందే. ముందే చెప్తుండా." కారు వాకిట్లోకి వచ్చాక ఆమె దాని పక్కకు కూడా పోలేదు. అవతలి గోడ పక్కనుంచి తిరిగి వెళ్లేది. బాడుగలు కూడా అలాగే తిరిగి వెళ్లాయి. ఒక పెళ్లికీ ఒక చావుకూ తప్ప మమ్మల్ని పిలిచినవాళ్లు లేరు.

అట్లాంటప్పుడు మా వీధి అయ్యవారి (బడిలో హెడ్మాస్టరు) తల్లి గడప తట్టుకొని పడి కాలు విరగ్గొట్టుకుంది. పాపం ముసలామె పడితే సంతోషించామని కాదు గానీ, పుత్తూరు కట్టు కట్టించాలని, ఆ కట్టు మార్చడానికి వారం వారం తీసుకుపోవాలని తెలిసినప్పుడు మా ఆయన ముఖంలోకి నెత్తురు వచ్చింది. ఈసారి సరిగా తీసుకుపోతే అన్నిసార్లూ నువ్వే రా అన్నాడట అయ్యవారు. లేకపోతే బస్టాండు దగ్గరి కారు ఉండనే ఉంది. రేపు తెల్లారి బయలుదేరాలనగా ఈయన బానెట్ ఎత్తి చూస్తే, ఇంజను ముందుపక్క తిరిగే బెల్టు కరువునాటి చెరువు మాదిరి బీటలు వారి ఉంది. ఒక పోగు ఊడి వేలాడుతోంది.

"మొగిలి ఘాట్ దిగేటప్పుడు తెగిందంటే, కాలిరిగిన ముసలామెను రోడ్డున కూసోబెట్టాల," అన్నాడు.

ఊళ్లో ఉన్న ఒక్క మెకానిక్కు కావడి ఎత్తుకొని తిరుత్తణికి పోయి ఉన్నాడు. "బెల్టు చిత్తూరులో దొరుకుతుంది గదా. తెచ్చుకుంటే మనమే బిగించుకోవచ్చు. దానికి ఇంకొకరెందుకు?" అన్నాను నేను.

"పాల వ్యానుకైతే కండ్లు మూసుకొని ఏస్తా మే. దీనికట్ల కాదు. బెల్టు ఒకటే, చక్రాలు ఆరు. పాము మాదిరి ఒకదాని మీదెక్కి, ఇంకొకదాని కిందికి దూరి పోతాది. దోవ తప్పిందంటే అంతే. ఒక కాగితం తే, తీసే ముందు గీసి పెట్టుకుంటా."

కాగితం! ఒక గీతకు తెల్ల కాగితం దండగ చేసే ఇల్లు కాదు మాది. "కాగితం గాలికి పోతాది, ముగ్గు యాడికి పోతాది?" అని ముగ్గుపిండి తెచ్చి, కారు పక్కన ఊడ్చిన నేల మీద కూర్చున్నాను. ఆయన ఇంజనులోకి వంగి ఒక్కొక్కటీ చెబుతుంటే, చక్రానికొక సున్నా చొప్పున పెట్టి, వాటి చుట్టూ బెల్టు దోవ గీశాను. మెలికల ముగ్గులు వేసిన చేతికి ఇదొక లెక్కా అని నాకు లోలోపల గర్వం కూడా. ఆయన చూసి, "అచ్చం అట్లే ఉండాదే," అన్నాడు. (పెళ్లయ్యాక నా పనిని ఆయన మెచ్చుకున్న మాటలు వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. అందులో ఇదొకటి.) పానా పెట్టి బిగింపు చక్రాన్ని వెనక్కు లాగి బెల్టు ఊడదీసి, దాన్నే మచ్చుకు మెడలో వేసుకొని చిత్తూరు బస్సెక్కాడు. నేను బిడ్డను చంకనేసుకొని గడ్డికి పోయాను.

మధ్యాహ్నం దాటాక కొత్త బెల్టుతో వచ్చాడు. ముగ్గు ముందు కూర్చున్నాడు, లేచి ఇంజను చూశాడు, మళ్లీ వచ్చి కూర్చున్నాడు.

"మే, చక్రాలు ఎన్నని చెప్తిని నీకు?"

"ఆరు."

"ఈడ ఏడుండాయి."

వంగి చూస్తే నిజంగానే ఏడు. గీశానా, గీయలేదా? నాకే అనుమానం. గీశానంటే తప్పు నాదవుతుంది. కాబట్టి ఇంజనులోనే ఏడు ఉండాలని తేల్చాను. ఆయన కారు కిందికి దూరి వెతికాడు. నేను ముఖం చూసుకునే అద్దం తెచ్చి సందుల్లోకి పట్టాను. ఏడోది దొరకలేదు. చివరికి ఆయన నుదుటి మీది మసి తుడుచుకుంటూ, "మనకు కారమ్మినాడే పుంగనూరాయన, ఒక చక్రం పీక్కోని అమ్మినాడు," అన్నాడు.

"నేనప్పుడే అనుకున్నా. ఆయప్ప నవ్వే నాకు నచ్చలే," అన్నాను. (ఆ పెద్దమనిషి ఆ రోజు నవ్వనే లేదు.) పోయి అడిగి రావాలని ఈయన చొక్కా తొడుక్కుంటున్నాడు.

మెట్టు మీద కూర్చొని చెనిక్కాయలు ఒలుస్తున్న మా అత్త అప్పుడు తల ఎత్తింది. "ఏందిరా పోగొట్టుకున్నావు?"

"చక్రం మా. ఇదో, కుడిపక్క పైన ఉండాల్సింది."

ఆమె ముగ్గు వైపు చూసి, "అదా. అది నేను పెట్టింది," అన్నది.

సగం తొడుక్కున్న చొక్కాను ఆయన మళ్లీ విప్పేశాడు.

"పాలు పోసొచ్చి సూస్తే, నడిమిది పోను ఎడంపక్క మూడు, కుడిపక్క రెండు. వాకిట్లో ముగ్గు అట్ల ఒంటికన్నుతో ఉంటే ఈ ఇంట్లో ఆడోళ్లే లేరా అనరూ? జత పెట్టినాను. గీత కూడా ఒకదాన్ని చుట్టి ఒకదాన్ని చుట్టకుండా పిచ్చిగా పోతావుంటే, అన్నిటినీ లోపలికి తెచ్చి సరిచేసినాను. ఆ మాత్రం మీ అమ్మ నేర్పించలేదా మే?"

అప్పుడు చూశాను. ఎంత అందంగా ఉందో. నాలుగు పక్కలా సమంగా, వాకిట్లో పూజకు వేసినట్టు. దాని కింద నా గీత ఎక్కడుందో గుర్తుపట్టలేకపోయాను. సరే, నేలమీద చెరిగితే తలలో ఉంటుంది గదా అని కళ్లు మూసుకున్నాను. ఏమీ లేదు. నేలమీద పెట్టానన్న ధైర్యంతో తలలో పెట్టుకోవడమే మరిచిపోయాను. ఆయన తనకు తోచినట్టు వేసి చూశాడు. ఒక తీరుగా వేస్తే జానెడు చాలలేదు, ఇంకో తీరుగా వేస్తే మెడలో దండ మాదిరి వేలాడింది. నీడలు గోడెక్కాయి. ఆయన బెల్టు కింద పెట్టి, ఎవరినీ ఏమీ అనకుండా, "పోనీలే. అయ్యవారికి చెప్పొస్తా. బస్టాండు కారు పిలుచుకుంటారు," అని చేతులు కడుక్కోవడానికి తొట్టి దగ్గరికి పోయాడు. అరిచి ఉంటే బాగుండేది. ఆ మెత్తటి మాటలో పాల వ్యాను వినబడింది నాకు. మా అత్తకు కూడా వినబడినట్టుంది, ఒలవడం ఆపేసింది.

"ఒరే, ఆగు. ఆ గీత ఎట్ల పోయిందో నాకు తెలుసు."

"నీకెట్ల తెలుసు మా?"

"దిద్దింది నేను గదా. తప్పు మరిచిపోతానా?"

(నిజమే. నేను కాపురానికి వచ్చిన కొత్తలో పప్పులో ఉప్పు ఎక్కువైన సంగతి ఆమె పోయేదాకా మరిచిపోలేదు.) చెనిక్కాయల చాట పక్కన పెట్టి, కొంగు బిగించి, మొట్టమొదటిసారి ఆ కారు దగ్గరికి వచ్చి నిలబడింది. ఇంజనులోకి తొంగి చూసి, నేల మీద నా తప్పులు వరసగా వేలితో చూపించడం మొదలుపెట్టింది. "కింద పెద్దదాన్ని చుట్టింది, అదొకటే బాగుండె. ఆణ్ణించి ఎడంపక్క కొసకు పోయింది. పోయింది గదా, పక్కనే ఉండే దాన్ని పలకరించొద్దూ? లే. దాన్నొదిలేసి పైకి ఎగిరింది. తిరిగొచ్చేటప్పుడు నడిమిదాన్ని చుట్టకుండా ఊరికే ఈపు రాసుకొని పోయింది. అది సూసే నాకు కడుపు మండె."

"అది నీళ్ల పంపు మా. దానికి ఈపే తగలాల," అన్నాడు ఆయన, చెయ్యి ఆగకుండా.

"తగలాలంటే తగిలించు. అందం మాత్రం లే."

ఆమె తిట్టుకుంటూ పోయింది, ఆయన వేసుకుంటూ పోయాడు. చివరి చక్రం దగ్గర నేను పానా పట్టుకొని బలమంతా పెట్టి లాగితే బెల్టు టప్పున కూర్చుంది. తాళం తిప్పినప్పుడు మా అత్త చెవి దగ్గరి కొంగు పక్కకు తీసుకొని విన్నది. కీచుమనలేదు. చక్రాలన్నీ తిరుగుతున్నాయి.

మరుసటి రోజు కారు పుత్తూరు పోయి, ముసలామెను పదిలంగా ఇల్లు చేర్చింది. ఆమె కాలు కుదురుకునేదాకా ఆ బాడుగ మాదే, ఆ తర్వాత వాళ్ల చుట్టాలదీ మాదే. మళ్లీ ఎవరూ పాల వ్యాను మాట ఎత్తలేదు.

ఆ బెల్టు వేసింది ఎవరన్నదే తేలలేదు. మా ఆయన కారెక్కినవాళ్లకల్లా తానే వేశానని చెప్పేవాడు. మా అత్త పాల కేంద్రంలో, కోడలు చెడగొడితే తాను నిలబెట్టానని చెప్పేది. నేను బాయి కాడ, నేను గీసి ఉండకపోతే ఈమెకు దిద్దడానికి ఏముండేదని అడిగేదాన్ని. ఆమెకూ నాకూ ఏళ్ల తరబడి ఇదే వాదన, ఇద్దరం కలిసి చింతపండు కొట్టేటప్పుడు కూడా. ఇప్పుడు ఎదురు చెప్పడానికి ఆమె లేదు. గెలిచింది నేనే. గెలిచి ఏం చేసుకోవాలో తెలియడం లేదు. ఈమధ్య మనవరాలు ఆ కథ అడిగితే, మా అత్త చెప్పినట్టే, కోడలు చెడగొట్టిందనే చెబుతున్నాను. చెబుతున్నప్పుడల్లా నా లోపల, చేతినిండా ముగ్గుపిండితో ఉన్న అప్పటి ఆ కోడలు మూతి తిప్పుకుంటుంది. తిప్పుకోనీలే అని ఊరుకుంటాను.