వసపిట్ట ఇరవయ్యో ఉపన్యాసం

మా బాయిలర్ మేస్త్రిని ఫ్యాక్టరీలో అందరూ వసపిట్ట అనేవాళ్ళు. నోట్లో నువ్వుగింజ నానదని పేరు. ఒక్క గింజ మాత్రం మూడేళ్ళు నానింది. అదేమిటో నాకు తెలుసు, ఎందుకంటే నేనూ ఆ బాయిలర్ దగ్గరే పనిచేశాను.

బాయిలర్లో నీళ్ళెంత ఉన్నాయో గంటగంటకీ ఇనుప నిచ్చెనెక్కి, గాజుగొట్టంలో చూసి, పుస్తకంలో రాయాలి. ఎండలు ముదిరితే ఆ నిచ్చెన పట్టుకోలేం. అందుకని డ్యూటీ ఎక్కగానే ఎనిమిది గంటల గళ్ళూ కూర్చున్నచోటే నింపేసేవాళ్ళం. దాన్ని ‘అడ్వాన్సు’ అనుకునేవాళ్ళం. నేనూ రాశాను, కాబట్టి నీతులు చెప్పే మొహం నాకు లేదు.

మూడేళ్ళ కిందట ఒక మధ్యాహ్నం బాయిలర్ చప్పుడు తేడాగా ఉందని ఫిట్టర్ వచ్చాడు. వసపిట్ట చెల్లెలి భర్తే ఆ ఫిట్టర్. పుస్తకం తెరిచి చూశాడు. మూడు గంటల గడిలో ‘నీళ్ళు నిండుగా’ అని ఉంది. వసపిట్ట చేతిరాత కదా, నమ్మాడు. వాల్వు చూద్దామని దగ్గరికెళ్ళాడు. లోపల నీళ్ళు అడుగంటిన బాయిలర్ పేలి, అక్కడికక్కడే పోయాడు. పుస్తకం తడిసి ముద్దయిపోయింది. విచారణకొచ్చిన పెద్దమనుషులు వాల్వు పట్టేసిందని రాసుకుని వెళ్ళిపోయారు. గండం గడిచిందని ఊపిరి పీల్చుకున్నాను. ఇప్పటికీ ఆ ఊపిరి తలుచుకుంటే సిగ్గేస్తుంది.

మాటకారి కదా అని మేనేజరు వసపిట్టనే ఒక భద్రతా సభకి పంపాడు. హెల్మెట్‌ని ఉల్లిపాయల బుట్టగా వాడిన మేస్త్రి కథతో కడుపుబ్బ నవ్వించాడు. బావ కథతో ఏడిపించాడు. ‘వాల్వు మోసం చేసింది’ అని ముగించాడు. ఇంకేం, అక్కడినుంచి పిలుపులే పిలుపులు. మూడేళ్ళలో పంతొమ్మిది సభలు. మనిషి మాత్రం సగమయ్యాడు.

ఇరవయ్యోది పెద్ద సదస్సు. కీలకోపన్యాసం ఇతనిదే. ఈసారి చెల్లెల్ని కూడా పిలిచి ముందు వరసలో కూర్చోబెట్టారు. తెర వెనక, తోడుగా వెళ్ళిన నా చెయ్యి పట్టుకున్నాడు.

“ఇవాళ గడి సంగతి చెప్పేస్తానురా.”

“పిచ్చా నీకు? ఉద్యోగం ఊడుతుంది.”

“ఊడనీ. చెల్లి ఎదురుగా కూర్చుంటే వాల్వు మీదకి నెట్టడం నా వల్ల కాదు.”

మొదట ఉల్లిపాయలు వచ్చాయి. హాలంతా ఘొల్లుమంది. చెల్లెలు కూడా చిన్నగా నవ్వింది, ఆమె నవ్వడం చూసి ఎన్నాళ్ళయిందో. తర్వాత బావ కథ మొదలెట్టాడు. వాల్వు దగ్గరికి వచ్చేసరికి ఆగాడు. నీళ్ళు తాగాడు.

“వాల్వు కాదండీ. ఆ మూడు గంటల గడి నేను పొద్దున్నే నింపేశాను. చూడకుండానే రాశాను. మా బావని చంపింది నా రాతే.”

వెనక వరసలోంచి ఎవరో చప్పట్లు మొదలెట్టారు. హాలు హాలంతా లేచి నిలబడింది. నాకు ఒళ్ళు మండిపోయింది. ఒక మనిషి నేరం ఒప్పుకుంటుంటే చప్పట్లేమిటయ్యా!

నిర్వాహకుడు పరుగున వచ్చి అతని భుజం తట్టాడు. “ఆ ముగింపు అదిరిపోయింది సార్! గుండె ఆగినంత పనైంది. వచ్చే నెల సభలో కూడా ఇలాగే ముగించండి, మార్చకండి.” అది నిజమని చెప్పబోయాడు వసపిట్ట. ఆ పెద్దమనిషి అప్పటికే ఇంకొకరి చెయ్యి ఊపుతున్నాడు.

బయట బస్సు దగ్గర చెల్లెలు నిలబడి ఉంది. తిడుతుందని, కొడుతుందని అనుకున్నాను. కొట్టినా బాగుండేది. ఏడవను కూడా ఏడవలేదు.

“మూడేళ్ళుగా ప్రతి ఆదివారం మా ఇంట్లోనే అన్నం తిన్నావు. ఆయన కూర్చునే చోటే కూర్చున్నావు. ఈ ఒక్క ముక్క నాకు చెప్పడానికి నీకు మైకు కావాల్సొచ్చిందా, అన్నయ్యా?”

ఆమె నా వైపు కూడా ఒకసారి చూసింది. “నీకూ తెలుసు కదూ?” అంది.

బస్సెక్కి కూర్చుంది. మేమిద్దరం ఎక్కలేకపోయాం.