ఎల్లవ్వ చెప్పని సంగతి

ఫిల్మ్‌నగర్‌లో ఒక నిర్మాత ఇంటి తోటను ఎల్లవ్వ పదహారేళ్లుగా పెంచుతోంది. కిందటి నెల ఆ తోట ఫొటోలు పత్రికలో పడితే, కింద డిజైనర్ మనోజ పేరు వేశారు. మట్టి తవ్విన మనిషి పేరు అడిగినవాళ్లే లేరు. అప్పటి నుంచి మనోజను చూస్తేనే ఎల్లవ్వకు కడుపు మండుతోంది.

ఆ ఉదయం కుండీల నీడలో ఎల్లవ్వ పెంచిన చిట్టి ఆకుల గుబురును మనోజ నిర్మాత భార్య భువనకు చూపించింది. "ఇది పిలియా అండీ. దురద మొక్కల కుటుంబమే."

"అమ్మో!" భువన చెయ్యి వెనక్కి లాక్కుంది.

"భయం లేదండీ. పిలియా ఆకులకు కుట్టే నూగు ఉండదు."

"ఇన్ని సంగతులు మీకెలా తెలుసండీ!" భువన మురిసిపోయింది.

"గా ఆకుల్ని పదారేండ్ల సంది ఒట్టి చేతుల్తోనే దువ్వుతున్న. నన్నడిగితే చెప్పకపోదునా?" ఎల్లవ్వ గొణిగింది.

మనోజ ఆమె వైపు తిరిగింది. "దీని గురించి ఇంకేమైనా తెలుసా ఎల్లవ్వా? వచ్చే నెల పత్రికకు నేను రాసే వ్యాసంలో పెడతాను."

"నాకేం ఎర్కమ్మా, సదువుకున్నోళ్లు మీరు."

వాళ్లు లోపలికి వెళ్లాక ఎల్లవ్వ ఆ గుబురు మీద గుప్పెడు నీళ్లు చల్లింది. ఆవగింజ కన్నా చిన్న మొగ్గలు ఒక్కొక్కటే చిటుక్కున విచ్చుకుని, పుప్పొడిని సన్నటి పొగలా ఎగజిమ్మాయి. మనోజ కిటికీలోంచి చూస్తుందేమోనని ఎల్లవ్వ చీర కొంగు అడ్డం పెట్టింది.