పైవాటా శంఖం

శ్రీకాకుళం దగ్గర మా అమ్మ పుట్టిన ఊళ్ళో జంగందేవర శవం ముందు నడుస్తూ శంఖం ఊదుతాడు. అందుకని శంఖం వినబడితే మా ఇంట్లో ఎవరో పోయినట్టే లెక్క. భవానీపూర్‌లో మేం అద్దెకున్న ఇంటి పైవాటాలో బెంగాలీ ఇంటావిడ రోజూ దీపాలవేళ మూడుసార్లు శంఖం ఊదుతుంది. "ఈవిడ నోరు పడిపోనూ" అని అమ్మ చెవులు మూసుకునేది. ఇరవై ఏళ్ళుగా ఇదే వరస. ఆవిణ్ణి మేం ఇక్కడివాళ్ళలాగే మాషీమా, అంటే పిన్నిగారూ, అంటాం. ఒంటరి మనిషి, గోడ పట్టుకుని గానీ నడవలేదు.

నేను బడిలో భూగోళం చెబుతాను. ఆ ఆదివారం మధ్యాహ్నం, మర్నాటి పాఠాన్ని అమ్మ మీద ప్రయోగించాను. రెండు చాపలు ఎదురెదురుగా పరిచి, అంచులు ఆనించి, రెండు వైపుల నుంచీ తోశాను. మధ్యలో మడతలు పడి లేచాయి.

"ఇవిగో హిమాలయాలు! మన నేల ఇప్పటికీ ఉత్తరానికి జరుగుతూ ఆసియాను నెడుతూనే ఉంది."

"ఎవలు తోత్తన్నారే దాన్ని?" అంది అమ్మ.

నాకు ఒళ్ళు పులకరించింది. నా క్లాసులో ఒక్కరూ అడగని ప్రశ్న! భూమి లోపలి వేడికి అడుగున రాయి మెల్లగా కదులుతుందనీ, పైనున్న ఈ చాపల్లాంటి నేల పలకలు కూడా జరుగుతాయనీ చెప్పాను. తర్వాత ఒక చాపను రెండోదాని కిందికి దూర్చాను.

"ఇది అండమాన్ దగ్గర. కిందికి దిగిన పలకలోంచి నీరు ఊరి, పైనున్న వేడి రాయిని కరిగిస్తుంది. అది తన్నుకొస్తే అగ్నిపర్వతం. ఒక్కోసారి అంచులు పట్టేసుకుని ఏళ్ళ తరబడి కదలవు. ఆ పట్టు వదిలితే భూకంపం. సముద్రం అడుగు ఒక్కసారిగా లేచిందా, మీదున్న నీళ్ళన్నీ లేస్తాయి. అదే సునామీ."

"అందుకేనేటి, ఒడ్డున నీరు ఎనక్కెలిపోతే సేపలేరుకోడం కాదు, మెట్టకి లగెత్తాల అంతారు?"

సముద్రం పక్కన పుట్టిన మనిషి మరి! చప్పట్లు కొట్టబోయాను. అంతలో కింద నేల చిన్నగా జలదరించినట్టయింది. కాసేపటికి ఫ్యాను ఊగింది, క్యాలెండరు గోడను రాసుకుంటూ ఊగింది.

"భూకంపం మొదటి అల అయిపోయిందే అమ్మా! ఇది రెండోది, ఊపేది!" అని అరుస్తున్నాను. అమ్మ నా రెక్క పుచ్చుకుని సందులోకి ఈడ్చుకొచ్చింది.

బయట అంతా "భూమికొంపో! భూమికొంపో!" అని కేకలు. ప్రతి మేడ మీంచీ శంఖాలు, నాలుకాడిస్తూ ఆడవాళ్ళు తీసే ఉలుధ్వనులు. నేల కదిలితే ఇక్కడి ఆనవాయితీ అది. నా ఉత్సాహానికి పట్టపగ్గాల్లేవు. బర్మా వైపు అంచు కదిలి ఉంటుందనీ, మన ఊరిది మెత్తటి ఒండ్రు నేల కాబట్టి దూరపు అదురుకి కూడా ఇంతసేపు ఊగిందనీ, పక్కవాళ్ళకి అడక్కుండానే పాఠం మొదలుపెట్టాను.

"నీ పలకలు తగలెయ్య! మాషీమా శంకం ఏదే?" అంది అమ్మ.

నేల అదిరినప్పుడల్లా మా సందులో మొదట మోగేది ఆవిడ శంఖమే. ఇప్పుడు అన్నీ మోగుతున్నాయి, మా పైవాటా తప్ప. వచ్చేటప్పుడు ఆ మెట్ల పక్కనుంచే వచ్చాను, పైకి చూడనైనా లేదు. సిగ్గుతో చచ్చిపోయాను.

మెట్లకేసి పరిగెత్తాను. వెనక అమ్మ పైవాటా కిటికీ వైపు తలెత్తి, తెలుగు ముక్క రాని ఆ మనిషిని తెలుగులోనే బతిమాలుతోంది.

"ఊదమ్మా! ఒక్కపాలి ఊదు, నా తల్లి కదూ!"

సగం మెట్లెక్కేసరికి వినిపించింది. తుస్సుమని, ఆగి, మళ్ళీ తుస్సుమని. తలుపు తోస్తే మాషీమా మంచం పక్కన చతికిలబడి ఉంది, చేతిలో శంఖం, నోట్లో ఒక్క పన్ను లేదు. పళ్ళసెట్టు ఎక్కడ పెట్టిందో కనబడలేదట, గాలంతా పక్కనుంచి పోతోందట. వెతక్కుండా చూస్తావేం అని నన్నే కసిరింది. ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి నాకు.

ఆ సాయంత్రం దీపాలవేళ శంఖం గట్టిగానే మోగింది. అమ్మ చెవులు మూసుకోలేదు. వంకాయలు కోస్తున్న చెయ్యి ఆపి, మూడోసారి కూడా అయ్యేదాకా విన్నది.

"మనిసి ఉంది" అని, మళ్ళీ వంకాయలు కోయసాగింది.