గోడలు లేవకముందే వచ్చిన చుట్టం

ఒట్టు. ఏదో నోటిమాటగా అనే ఒట్టు కాదు, నాకు అన్నం పెట్టే కుట్టుమిషను మీద ఒట్టు. ఇందులో ఒక్క ముక్క కల్పించి చెప్పినా రేపటి నుంచి నా మిషనులో దారం నిలవకుండా పోవాలి. అప్పుడే నవ్వకండి... మొత్తం విన్నాక నవ్వగలిగితే నవ్వండి.

మేం పంతొమ్మిదేళ్ళు సత్తెనపల్లిలో అద్దెకున్నాం. ఆరు ఇళ్ళు మారాం. మా ఆయన ఆటో తోలతాడు, నేను జాకెట్లు కుడతాను. చివరి ఇంటి ఓనరమ్మ కరివేపాకు కుండీ కూడా పెట్టనిచ్చేది కాదు, గచ్చు పాడవుతుందని. తలుపు టకటకమంటే చాలు, నా గుండె గుబేలుమనేది. మోటరు కట్టెయ్యమనో, మీ చుట్టాలు ఇంకా ఎన్నాళ్ళుంటారనో ఏదో ఒక మాట వచ్చి పడేది. నాకంటూ ఒక గడప ఉంటే, ఎవరొచ్చి తట్టినా "రండి, రండి" అని నోరారా పిలవాలని అప్పుడే అనుకున్నా.

చివరికి బెల్లంకొండ పోయే దారిలో ఒక ఊరి చివర అయిదు సెంట్ల స్థలం కొన్నాం. నా సంతోషం సంగతి ఏం చెప్పను! బోరు పడిన వారంలోనే, పునాది కూడా తవ్వకముందే, వెనకవైపు నాలుగు మళ్ళు చేసి కూరగాయలు పెట్టేశా. బెండ, వంగ, గోంగూర, చివర్లో ఒక సొరపాదు. మా ఆయన నెత్తి కొట్టుకున్నాడు.

"ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అంట. ఇల్లేడుందే, అప్పుడే కూరలు దేనికి?"

"ఇల్లు లేసేసరికి కాపుకొస్తయ్. పాలు పొంగిచ్చిన రోజు మన పెరట్లో బెండకాయలే వండుతా, చూడు."

ఆయనకు టౌను వదిలి రావడం సుతరామూ ఇష్టం లేదు. నా పోరు పడలేక ఒప్పుకున్నాడు. ఒప్పుకుంటూ ఒక మెలిక పెట్టాడు.

"ఈ స్థలంలో ఏ చిన్న తేడా కనపడ్డా పని ఆపేస్తా. ఉన్నది ఉన్నట్టు అమ్మేసి సత్తెనపల్లిలోనే ఉందాం. అప్పుడు మళ్ళా ఏడవమాక."

ఈ మాట గుర్తుంచుకోండి. ఆ రాత్రి నా నోరు నొక్కేసింది ఇదే.

బేస్‌మెంటు లేచింది. లోపల ఎర్ర గ్రావెల్ నింపారు. మంచిరోజు చూసి సింహద్వారం నిలబెట్టాం. టేకు ద్వారబంధం... పసుపు రాసి, బొట్లు పెట్టి, మామిడాకులు కట్టా. పడిపోకుండా రెండు గెడలు ఆనించారు. గోడ మాత్రం ఒక్క ఇటుక కూడా లేవలేదు. హాలు, వంటిల్లు, పడకగది... అన్నీ గ్రావెల్ మీద గీసిన సున్నం గీతలే. మా సుభానీ మేస్త్రి చేతులు కడుక్కుంటూ ఒక మాట చెప్పాడు.

"అమ్మా, గడప పడింది. ఇంక ఇది ఇల్లే. గోడల్లేవు గదా అని అడ్డదిడ్డంగా నడవబాకండి. వాకిట్లోంచే రావాల, వాకిట్లోంచే పోవాల."

మేస్త్రి చెప్పాడంటే నాకు వేదం. సాయంత్రమంతా గడప దాటి లోపలికి వెళ్ళడం, గీతల మధ్య వదిలిన ఖాళీల్లోంచి గది గదికీ తిరగడం, ఇదే పని. అంతలో మా ఆయన పెరటివైపు నుంచి నేరుగా నడిచొచ్చాడు.

"ఏందయ్యా, వంటింటి గోడలోంచి వస్తన్నావ్?" అని అరిచా.

"నీ పిచ్చి తగలెయ్య!" అంటూ ఇంకో రెండు గోడలు దాటి మరీ వచ్చాడు. నవ్వలేక చచ్చా.

రాత్రికి అక్కడే పడుకున్నాం. కొత్త టేకు చెక్కను ఎవరైనా ఎత్తుకుపోతారని ఒక భయం, పందులు పడి మళ్ళు కుమ్మేస్తాయని ఇంకొకటి. నా మంచం సరిగ్గా పడకగదిలో వేయించుకున్నా. "గోడల్లేని గదిలో నేను పండుకోను తల్లీ," అని ఆయన ద్వారానికి బయట ఎడంపక్క, సిమెంటు బస్తాల మీద కట్టిన పట్టా కింద మడతమంచం వేసుకున్నాడు. కాసేపటికే గురక. నాకు నిద్రెక్కడిది? మిషను ఏ కిటికీ పక్కన పెట్టుకోవాలి, గూళ్ళు ఎన్ని కట్టించాలి... ఆలోచిస్తూ ఎప్పుడో కన్ను మూశా.

ఎంత రాత్రయిందో తెలియదు.

టక్... టక్... టక్.

చెక్క మీద వేళ్ళ కణుపులతో తట్టిన చప్పుడు. మర్యాదగా... ఏ తొందరా లేకుండా.

సగం నిద్రలో ఉన్నా. అయినా ఎంత సంతోషమేసిందో! నా ఇంటికి తొలి చుట్టం! కళ్ళయినా తెరవకుండా అనేశా...

"ఆఁ... రండి, రండి."

అన్నాక మెలకువ వచ్చింది. తలుపేది? తలుపు లేదు. గోడ లేదు. నాలుగు వైపులా బట్టబయలు. లోపలికి రావాలనుకున్న మనిషి ఎటునుంచైనా రావచ్చు. మరి గడప దగ్గర నిలబడి తట్టిందెవరు?

మెల్లగా తల తిప్పి చూశా. చుక్కల వెలుతురులో ద్వారబంధం నల్లగా నిలబడి ఉంది. మధ్యలో ఎవరూ లేరు. కట్టిన మామిడాకులు కూడా కదలడం లేదు.

అప్పుడు వినపడింది.

కర్...

గ్రావెల్ మీద అడుగు. గడపకు ఇవతల. మళ్ళీ... కర్... చెప్పుల చప్పుడు కాదు. ఉత్తకాళ్ళు. ఇదిగో నా చెయ్యి చూడండి, ఇప్పుడు చెబుతుంటే కూడా వెంట్రుకలు ఎలా లేచాయో.

కనపడేది ఏమీ లేదు, చప్పుడే. అడుగులు హాల్లోకి వచ్చాయి. ఆగాయి. చుట్టూ చూస్తున్నట్టు కాసేపు... మళ్ళీ కదిలాయి. వంటింటి గీత దాకా వెళ్ళి... దాటలేదు. గీత వెంబడే నడిచాయి. ద్వారం కోసం వదిలిన ఖాళీ దగ్గర తిరిగి లోపలికి వెళ్ళాయి. లేని గోడను తప్పించుకుని వెళ్ళాయండీ!

వంటింట్లో చాలాసేపు నిశ్శబ్దం. తర్వాత వెనక్కి వచ్చి, హాలు దాటి... నా గది వైపు.

కర్... కర్... కర్.

గది ద్వారం దగ్గర ఆగింది. నా మంచానికి నాలుగడుగుల దూరం. తడిమట్టి వాసన గుప్పున కొట్టింది. కళ్ళు గట్టిగా మూసుకున్నా. ఫోను దిండు కిందే ఉంది, లైటు వెయ్యడానికి వేలు కదల్లేదు. "ఏమయ్యా" అని ఒక్క కేక వేస్తే మా ఆయన పరిగెత్తుకుని వస్తాడు. వచ్చాడంటే తెల్లారేసరికి ఇల్లు ఆగిపోతుంది. దయ్యం కంటే మా ఆయన లేస్తాడేమోనన్న భయమే ఎక్కువైంది నాకు! కొంగు నోట్లో కుక్కుకున్నా.

ఎంతసేపు నిలబడిందో... గదిలోకి మాత్రం అడుగు పెట్టలేదు. తిరిగి వెళ్ళిపోయింది. పెరటి వాకిలి కోసం వదిలిన ఖాళీలోంచే దిగింది.

తర్వాత... బుడుంగ్.

పెరట్లో డ్రమ్ములో మగ్గు ముంచిన చప్పుడు. నీళ్ళు పోసిన చప్పుడు. మళ్ళీ బుడుంగ్... ఒక మడి తర్వాత ఒక మడి. సొరపాదు దగ్గర ఇంకాస్త ఎక్కువసేపు. ఒక సంగతి చెప్పనా? ప్రాణం పోతున్నంత భయంలో కూడా, 'ఎవరోగానీ చక్కగా మొక్కల మొదట్లో పోస్తున్నారు, ఆకుల మీద చల్లడం లేదు' అని తోచింది. నా బుద్ధి అట్లాంటిది.

చప్పుడు ఆగిపోయింది. వంద దాకా లెక్కపెట్టి ఒక్క ఉదుటున లేచా. గడపా లేదు, వాకిలీ లేదు, గోడల్లోంచి అడ్డంగా పరిగెత్తా పట్టా దగ్గరికి. మడతమంచం మీద మనిషి ఉన్నాడు. నిలువునా దుప్పటి ముసుగు. గురక లేదు... అది ఎప్పుడు ఆగిందో నేను గమనించనే లేదు. దుప్పటి తీసి మొహం చూద్దామని చెయ్యి చాచి, చూడలేక వెనక్కి తీసుకున్నా. తెల్లారేదాకా సిమెంటు బస్తా మీద కూర్చున్నా.

తెల్లవారాక చూస్తే నాలుగు మళ్ళూ తడి. డ్రమ్ములో నీళ్ళు జానెడు తగ్గాయి. మగ్గు అంచు మీద బోర్లించి ఉంది. మా ఆయన వేపపుల్ల నములుతూ వచ్చాడు.

"ఏందే, కళ్ళు అట్టా ఎర్రగున్నయ్? నిద్ర పట్టలేదా?"

"బాగానే పట్టింది. నీకో?"

"ఒళ్ళు తెలీకుండా పండుకున్నా."

ఆయన కాళ్ళ వంక చూశా. ఎర్రమట్టి. నా కాళ్ళ నిండా కూడా ఎర్రమట్టే, ఆ గ్రావెల్ తొక్కితే ఎవరికైనా అంటుతుంది. చెంబు కోసమని వంటింటి వైపు వెళ్ళాడు. నేను ఊపిరి బిగబట్టి చూస్తున్నా. గడపలోంచి వెళ్ళాడు... గీత చుట్టూ తిరిగి వెళ్ళాడు. నిన్న నన్ను వెక్కిరిస్తూ గోడలు దాటిన మనిషి!

ఆయనేనా? అయితే ఒళ్ళు తెలియలేదని ఎందుకన్నాడు? గడపలో ఎవరూ ఎందుకు కనపడలేదు? నిద్రమొహంతో నేనే సరిగా చూడలేదా?

ఇప్పుడు స్లాబు పడింది, గోడలకు పూత కూడా అవుతోంది. వచ్చే నెలలో పాలు పొంగిస్తాం. అది మళ్ళీ రాలేదు. లేకపోతే, వచ్చింది వచ్చినట్టు అక్కడే ఉందేమో... రమ్మన్నది నేనే కదా. ఒక్క మాట అడిగితే తేలిపోతుంది, "ఆ రాత్రి మొక్కలకి నీళ్ళు పోసింది నువ్వేనా?" అని. "నేనే" అన్నాడనుకోండి... ఇల్లొద్దు ఇల్లొద్దు అన్న మనిషి, నేను పడుకున్నాక ఉత్తకాళ్ళతో గది గదీ తిరిగి చూసుకున్నాడని తెలిస్తే, వాటేసుకుని ఏడ్చేస్తా. "నేను కాదే" అంటే? ఆ ఇంట్లో నేను ఉండగలనా? ఉండగలిగినా ఆయన ఉండనిస్తాడా?

నిన్న రాత్రి కూడా అన్నం పెడుతూ, "ఏమయ్యా," అన్నా.

"ఏందే?" అని తలెత్తాడు.

"ఏం లేదు. కూర ఇంకాస్త వేసుకో," అన్నా.