ఆ పండితుడు కొట్టెయ్యని పేజీ

తొంభైల మధ్యలో గ్రూప్ వన్ రాతపరీక్ష గట్టెక్కాను. పాలమూరు పిల్లని, తెలుగు మీడియం, అశోక్‌నగర్‌లో హాస్టలు. మిగిలింది ఇంటర్వ్యూ. "తెలుగుల చెప్తే మార్కులు పడవు, ఇంగ్లీషే మాట్లాడాలె" అని హాస్టలంతా ఒకటే పోరు. నాకు ఇంగ్లీషు చదివితే అర్థమయ్యేది గానీ మాట్లాడబోతే నోరు తిరిగేది కాదు. అందుకు సిగ్గుపడలేదు, ఒళ్ళు మండేది అంతే. మా అమ్మ ముషీరాబాద్‌లో ఇటుకలు మోసి చదివించిన చదువు. గుమ్మం దాకా వచ్చాక పోగొట్టుకుంటానా?

చరిత్ర నా సబ్జెక్టు. చిక్కడపల్లి లైబ్రరీలో డిక్షనరీ పక్కన పెట్టుకుని ఒక పుస్తకం చదివాను. పాత రాతప్రతుల కోసం ఇస్తాంబుల్ వెళ్ళిన ఒక యూరప్ పండితుడు, 1908లో అక్కడ విప్లవం వస్తే కళ్ళారా చూసి రాసుకున్నది. సుల్తాను ఎప్పుడో మూలన పెట్టిన రాజ్యాంగాన్ని మళ్ళీ ఇచ్చాడనగానే జనం వీధుల్లోకి వచ్చేశారట. ఇమాములు, చర్చి ఫాదర్లు కావలించుకున్నారట. ఇక కష్టాలు తీరినట్టే అని పండితుడు పొంగిపోయి రాశాడు. ఏడాది తిరక్కముందే అవే వీధుల్లో తుపాకులు పేలాయి. అప్పుడు కిటికీలు మూసుకుని, బిక్కుబిక్కుమంటూ రాశాడు.

బర్కత్‌పురలో ఒక రిటైర్డ్ కలెక్టరు గారు మాలాంటి వాళ్ళకి ఉత్తుత్తి ఇంటర్వ్యూలు చేసేవారు. ఆయనకి మొహమాటం లేదు. నా వంతు వచ్చినప్పుడు, ఈమధ్య ఏం చదివానో కనుక్కుని ఆ విప్లవం గురించే ఇంగ్లీషులో అడిగారు. రెండు వాక్యాలు నడిచాయి, మూడోది గొంతులో ఇరుక్కుంది. వెనక ఎవరో కిసుక్కుమన్నారు.

"ఏంది బిడ్డా, ఆగినవ్?"

"తెలుగుల చెప్త సార్!" అన్నాను కోపంగా. చెప్పాను. నవ్వినవాళ్ళు కూడా నోరు మూసుకుని విన్నారు.

"ఆ పండితుడు పరాయి దేశపాయన. ఆయన మాట ఎందుకు నమ్మాలె?" అని అడిగారు.

"తొలిరోజు తను అనుకున్నది తప్పని తెలిసినంక గూడ ఆ పేజీ కొట్టెయ్యలే సార్. పొంగిపోయింది గట్లనే ఉంచిండు, భయపడ్డది గట్లనే ఉంచిండు. గందుకే నమ్ముత."

"మార్కుల సంగతి నాకు తెల్వదు బిడ్డా. గని ఈ మాట నువ్వు ఇంగ్లీషుల ఇంత మంచిగ అనలేవు" అన్నారు. నారాయణగూడ మీదుగా హాస్టలుకి నడిచొస్తుంటే నా కాళ్ళు నేల మీద లేవు. అబ్బ, ఎంత గర్వమో!

అసలు ఇంటర్వ్యూ రోజు బల్ల అవతల నలుగురు కూర్చున్నారు. మొదటి ప్రశ్న ఇంగ్లీషులోనే వచ్చింది. అర్థమైంది. ఇంగ్లీషులో ఏదో ఒకటి అనేసి గట్టెక్కొచ్చు కూడా.

"నేను తెలుగులో జవాబు చెప్తాను సార్," అన్నాను.

ఒకాయన కళ్ళద్దాల మీదుగా చూశారు. "తెలుగులో చెప్తే మాకు అర్థం కాదనుకున్నావా? చెప్పమ్మా" అన్నారు.

చెప్పాను. ఆ ఉద్యోగం నాకు తెలుగులోనే వచ్చింది.