కంటి కింద నలుపు

మా నాంపల్లి గల్లీలో ఆడదాని కంటి కింద నల్లగా కమిలితే దానికి ఒక్కటే అర్థం. బాత్రూంలో జారిపడ్డానన్నా, తలుపు తగిలిందన్నా అందరూ "అయ్యో" అని తలూపి, పక్కకు వెళ్ళి ఆమె మొగుణ్ణి తిడతారు. నేనూ అలా తలూపినదాన్నే. అందుకే ఆ నలుపు నా ముఖానికే వచ్చినప్పుడు ఏం చెప్పాలో తోచలేదు.

ఏదీ తగల్లేదు. రాత్రి కాస్త గట్టిగా దగ్గాను, అంతే. తెల్లారి అద్దంలో చూసుకుంటే రెండు కళ్ళ చుట్టూ నేరేడుపండు రంగు. మా ఆయన బ్రష్ నోట్లో పెట్టుకునే నిలబడిపోయాడు.

"ఏంది గిది? ఏడ తగిలింది?"

"ఏడ తగల్లె."

కొన్నాళ్ళకు తగ్గింది. మళ్ళీ వచ్చింది. తుమ్మినా వచ్చేది, వంగి వాకిలి ఊడ్చినా వచ్చేది.

ఆబిడ్స్‌లో ఒక ప్రైవేటు బడిలో తెలుగు టీచర్ని నేను. స్టాఫ్‌రూంలో తోటి టీచర్లు చుట్టూ చేరి, "మాకు చెప్పుకో అక్కా" అన్నారు. నన్నెవరూ కొట్టలేదన్నాను. దెబ్బలు తిన్న ప్రతి ఆడదీ అనేది అదే కదా! నేను ఎంత కాదంటే వాళ్ళకు అంత ఔనని తేలింది. ఒకామె తన డబ్బాలోని గులాబ్‌జామ్ నా డబ్బాలో వేసి వీపు నిమిరింది. ఒళ్ళు మండిపోయింది. అయినా సిగ్గుతో తల ఎత్తలేకపోయాను.

మా ఆయనది ఆబిడ్స్‌లోనే మెట్ల కింద గడియారాలు బాగుచేసే చిన్న కొట్టు. గట్టిగా మాట్లాడడం కూడా రాని మనిషని గల్లీలో పేరు. ఆ పేరు కాస్తా నా ముఖం వల్ల పోయింది. మా పై అంతస్తులో ఉండే ఇంటి ఓనరమ్మ ఆయన నమస్తేకు బదులివ్వడం మానేసింది. ఆదివారాలు ఇద్దరం ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు చూస్తూ తిరిగేవాళ్ళం, ఆయన నాతో బయటికి రావడమే మానేశాడు. ఒకరోజు మాత్రం రోడ్డు మీద కొన్న నల్లకళ్ళద్దాలు తెచ్చి నా చేతిలో పెట్టాడు.

"ఎండకు మంచిగుంటయ్."

బయట వాన పడుతోంది. నాకు నవ్వు రాలేదు. పెట్టుకున్నాను.

ఈలోగా ఆయాసం మొదలైంది. మెట్లెక్కి క్లాసుకు చేరేసరికి హాజరు పిలవడానికి ఊపిరి మిగిలేది కాదు. కాళ్ళు ఉబ్బి చెప్పులు పట్టేవి కావు. నాలుక దళసరెక్కి మాట ముద్దముద్దగా వచ్చేది. నేను పద్యం చదివితే వెనక బెంచీల్లో పిల్లలు నోరు మూసుకుని నవ్వేవాళ్ళు. ఒకప్పుడు నా కంఠం విని పక్క క్లాసువాళ్ళు కూడా మాటలు ఆపేవాళ్ళు. ఇక పద్యం పిల్లలతోనే చదివించడం మొదలుపెట్టాను.

గల్లీ చివర డాక్టరు దగ్గరికి వెళ్ళాం. లోపలికి వెళ్ళే ముందు నేను అద్దాలు తీయబోతే మా ఆయన చెయ్యి పట్టుకుని ఆపాడు.

"ఉండనీ. దమ్ము గురించే గదా చెప్పేది, కండ్లతోని ఏం పని?"

డాక్టరు ఏమనుకుంటాడో నాకూ తెలుసు. అద్దాలెందుకని డాక్టరు అడిగినప్పుడు కళ్ళకలక అని చెప్పాను. పాపం, కుర్చీ వెనక్కి జరుపుకున్నాడు. దూరం నుంచే నాలుగు మాటలు అడిగి, నీరు తగ్గే మాత్రలు రాసిచ్చాడు. ఆ తర్వాత వెళ్ళిన ప్రతిసారీ అద్దాలతోనే వెళ్ళాను.

చివరికి ఓనరమ్మ మా తమ్ముడికి ఫోన్ చేసింది. మా వైపు ఆడపిల్లను కొట్టారంటే పుట్టింటివాళ్ళు పెద్దమనుషుల్ని తీసుకొచ్చి కూర్చుంటారు. తమ్ముడు ఇద్దరు పెద్దమనుషులతో నాంపల్లి స్టేషన్‌లో దిగి నేరుగా ఇంటికి వచ్చాడు. ఓనరమ్మే పైనుంచి కుర్చీలు పంపింది. మా ఆయన మంచం అంచున ఒదిగి కూర్చున్నాడు.

"ఏంది బావా గిది? మా అక్కకు ఎవ్వరు లేరనుకున్నవా?"

కాదని చెప్పబోయాను. ఊపిరి అందలేదు, నాలుక తిరగలేదు.

"చూడున్రి, భయానికి మాట గూడ వస్తలేదు" అన్నాడు తమ్ముడు. "బావా, ఎన్నడన్న మా అక్క మీద చెయ్యి లేపినవా, లేదా? గదొక్కటి చెప్పు."

మా ఆయన జవాబు చెప్పలేదు. నేనూ చెప్పలేదు. పెళ్ళయిన కొత్తలో ఒక్కసారి, కూర మాడిందని, చెంప మీద కొట్టాడు. ఆ తర్వాత ఎన్నడూ లేదు. ఆ సంగతి మేమిద్దరం మళ్ళీ ఎత్తనే లేదు. ఆయన మరిచిపోయాడనే అనుకుంటూ వచ్చాను.

తమ్ముడు లేచి ఆయన చొక్కా పట్టుకున్నాడు. అడ్డుపడదామని గబుక్కున లేచాను. కళ్ళు బైర్లు కమ్మి కింద పడబోతే తమ్ముడే పట్టుకున్నాడు. దగ్గు తెర వచ్చింది. అది ఆగేసరికి పెద్దమనుషులు మాటలు మానేసి నా ముఖం చూస్తున్నారు. వాళ్ళ ఎదుటే నా కంటి రెప్ప మెల్లగా నల్లబడింది.

"ఎవ్వరు కొట్టలే గదరా" అన్నాడు ఒక పెద్దాయన. "బిడ్డను దవాఖానకు తీస్కపోండి."

లక్డీకాపూల్ వైపు ఒక పెద్దాసుపత్రికి తీసుకెళ్ళారు. అక్కడి డాక్టరమ్మ అద్దాలు తీయించి చూసింది. నాలుక చాపమంది. మొగుడు, తమ్ముడు చూస్తుండగా ఇంత లావు నాలుక, అంచుల వెంట పళ్ళ గుర్తులతో బయటపెట్టాను. ఆ క్షణంలో నేల చీలితే బాగుండుననిపించింది.

పొట్ట కొవ్వు ముక్క, ఎముక మూలుగ తీసి పరీక్షలు చేశాక జబ్బు పేరు చెప్పింది, అమిలాయిడోసిస్. ఒంట్లో తయారయ్యే చెడ్డ ప్రొటీన్ కరగకుండా గుండె కండరంలో, నాలుకలో, కంటి చుట్టూ సన్నటి రక్తనాళాల్లో పేరుకుంటుందట. గుండె గోడలు మందమెక్కి బిగుసుకున్నాయని, మధ్యలో రక్తం నిండే చోటు తగ్గిందని చెప్పింది. కొత్తగా పేరుకోకుండా ఇంజెక్షన్లున్నాయి. గుండెలో ఇప్పటికే చేరింది ఎంత పోతుందో, అసలు పోతుందో లేదో ఆమె కూడా చెప్పలేనంది.

"ఆయాసంతో పాటు ఈ కళ్ళు చూస్తే అనుమానం వచ్చి ఉండేది. ఇన్ని నెలలు ఏ డాక్టరూ చూడలేదా?"

మా ఆయన తన చెప్పుల వైపు చూస్తున్నాడు. నేను ఒళ్ళో ఉన్న అద్దాలను పైటకొంగు కిందికి తోశాను.

ఇప్పుడు ఇంజెక్షన్ కోసం వెళ్ళినప్పుడల్లా ఆసుపత్రి గుమ్మంలోనే ఆయన నా అద్దాలు తీసి తన జేబులో పెట్టుకుంటాడు. హాల్లో ఆడవాళ్ళు నా కళ్ళు చూసి, ఆయన వైపు తిరిగి మూతి బిగిస్తారు. ఆయన లేచి పోడు. నా పక్కనే కూర్చుంటాడు. మొన్న అలా కూర్చుని, నా వైపు చూడకుండానే అన్నాడు:

"గా ఒక్కసారి నిన్ను కొట్టకపోతే, గల్లీ డాక్టరు తాన అద్దాలు తియ్యనిచ్చేటోణ్ణి."

ఇన్నేళ్ళూ ఆయన మరిచిపోలేదన్నమాట. పర్లేదనడానికి నోరు రాలేదు. లోపలినుంచి నర్సు పిలిచింది. లేవడానికి ఊతం కావాలి. ఆయన చెయ్యి చాపాడు. ఆ చెయ్యే పట్టుకుని లేచాను.