అన్ని సర్వర్లకూ పోయిన ఆ కమాండ్

నా బిడ్డ వయసెంతో ఈ బరువు వయసూ దాదాపు అంతే. అది కడుపులో ఉన్నప్పుడే ఇదీ మొదలైంది. అది ఇప్పుడు బడికి పోతోంది. ఇది మాత్రం ఎవరికీ చెప్పుకోకుండా నాలోనే ఉండిపోయింది. మా ఆయన ఉద్యోగం హైదరాబాద్‌లో. ఆదివారాలు వస్తాడు. ఆయనకూ చెప్పలేదు. పిల్లకు కాస్త ఒళ్లు వెచ్చబడితే చాలు, నేను చేసినదానికే ఇదంతా అని భయపడతాను. చదువుకున్నదాన్ని, అలా అనుకోకూడదని తెలుసు. అయినా అనుకుంటాను. మీరెవరో నాకు తెలియదు. బహుశా అందుకే మీతో చెప్పగలుగుతున్నాను.

అప్పుడు వనపర్తిలో ఒక ప్రైవేటు కాలేజీ కంప్యూటర్ ల్యాబులో పనిచేసేదాన్ని. నాతోపాటు షాహీన్ ఉండేది. గద్వాల అమ్మాయి. వనపర్తిలో చిన్నమ్మ ఇంట్లో ఉండి ఉద్యోగానికి వచ్చేది. ఎంసీఏ ఆఖరి ఏడు పిల్లలు తమ ప్రాజెక్టులన్నీ మా సర్వర్లలోనే దాచుకునేవారు. ఏ చిన్న పనికైనా ఒక్కో సర్వర్ దగ్గరికీ పోవాల్సి వచ్చేది. ఒకచోట కూర్చుని కమాండ్ కొడితే అన్నిటికీ ఒకేసారి చేరే సాఫ్ట్‌వేర్ ఉందని నేనే తెలుసుకున్నాను. నేనే ఎక్కిస్తానన్నాను. పేరు వస్తుందని కదా? అవును, పేరు కోసమే.

మా ల్యాబులో ఒక చెడ్డ అలవాటుండేది. పొద్దున ఎవరు ముందొస్తే వాళ్ల పేరుతో లాగిన్ అయ్యేవాళ్లం. సాయంత్రం దాకా ఇద్దరం అందులోనే పని కానిచ్చేవాళ్లం. ఆ రోజు ముందొచ్చింది షాహీన్.

రంజాన్ నెల. నాకు సాయంగా రెండు మూడు కమాండ్లు కొట్టిపెట్టి, ఉపవాసం విడిచే వేళవుతోందని హడావుడిగా లేచింది. "అక్కా, జర సర్వర్లను సతాయించకు. అవ్విటికి గూడ రోజానే" అని నవ్వుకుంటూ పోయింది.

కొత్తగా వచ్చిన సర్వర్‌లో నా ఇన్‌స్టాలేషన్ సగంలో ఆగిపోయింది. అక్కడి ఫోల్డర్‌లో నా పనికిరాని ఫైళ్లు తప్ప ఇంకేమీ లేవు. అంతా తుడిచి మళ్లీ మొదలుపెడదామని, తుడిచే కమాండ్ కొట్టాను. ఏ సర్వర్‌లో తుడవాలో దాని పేరు రాయడం మరిచాను. పేరు రాయకపోతే ఆ సాఫ్ట్‌వేర్ లెక్కలో అన్ని సర్వర్లూ అని అర్థం. మిగతా సర్వర్లలో అదే పేరున్న ఫోల్డర్‌లోనే పిల్లల ప్రాజెక్టులున్నాయి.

తెర మీద ఏ హెచ్చరికా రాలేదు. తుడిచిన సర్వర్ల పేర్లు వరసగా పడ్డాకే ఏం చేశానో అర్థమైంది. వేరేచోట నకలు పెట్టుకునే ఏర్పాటు మాకు లేదు. తాళం వేసి ఇంటికొచ్చాను. అన్నం తిన్నానా? గుర్తులేదు. ఎవరికైనా ఫోన్ చేసి చెప్పాలనిపించిందా? అనిపించింది. చెయ్యలేదు.

మర్నాడు నేను పోయేసరికి పెద్దమందడి నుంచి బస్సులో వచ్చే ఒక ఎంసీఏ అమ్మాయి గోడకానుకుని ఏడుస్తోంది. షాహీన్ నన్ను పక్కకు తీసుకుపోయింది. కడుపుతో ఉన్నానని నా కోసం తెచ్చిన ఖర్జూరాల పొట్లం ఆమె చేతిలో ఉంది.

"అంత నా లాగిన్ మీదనే అయింది అక్కా. పోయేటప్పుడు ఆగమాగంల నేనే ఏమన్న తప్పు కొట్టిన్నా? పక్కనే ఉంటివి గదా, చూసినవా?"

"ఏమో షాహీన్, నేను చూడలే. నువ్వు పోంగనె నేను గూడ తాళమేసి పోయిన."

"అయితే నేనే గావొచ్చు" అని, పొట్లం నా చేతిలో పెట్టింది.

ప్రిన్సిపాల్ గదిలోనూ అదే మాట చెప్పింది. ఏ వేళకు జరిగిందో చూద్దామని ఎవరూ అనలేదు. నేను అనలేదు. ఆమె ఉద్యోగం పోయింది, నాది నిలిచింది. కడుపులో బిడ్డ కోసం నోరు మూసుకున్నానని చాలాకాలం నాకు నేనే చెప్పుకున్నాను. కానీ బిడ్డ లేకపోయినా, ఏ బాధ్యతా లేని ఒంటరి మనిషినై ఉన్నా, ఆ పొద్దున నా నోట్లోంచి వేరే మాట వచ్చేదా? రాదనే అనిపిస్తుంది. ఆ ఖర్జూరాలు కూడా తిన్నాను.

నిరుడు గద్వాల బస్టాండులో షాహీన్ కనబడింది. దూరం నుంచే గుర్తుపట్టి, వచ్చి నా పాపను ఎత్తుకుంది. ఇంటిదగ్గర జాకెట్లు కుడుతోందట. వాళ్లన్న ఇంటర్నెట్ షాపు పెట్టి, వచ్చి కూర్చొమ్మని ఎంత బతిమాలినా పోదట. "నా చెయ్యి పడితే ఖరాబైతయి అక్కా" అంది. నవ్వుతూనే అంది. నేనూ నవ్వాను. బస్సొచ్చింది. ఎక్కాను.

ఆమె చెయ్యి పడి ఏదీ ఖరాబు కాలేదు. తుడిచింది నేను. ఈ మాట ఆమెకు చెబుతానని మీకు మాటివ్వలేను. నా ధైర్యం ఏపాటిదో చూశారు కదా. ఇన్నేళ్లూ నాలో నేను అనుకోబోయినా ఈ వాక్యం మధ్యలోనే ఆగిపోయేది. ఇవాళ చివరిదాకా రాయగలిగాను. నన్ను ఏమనుకున్నా సరే. షాహీన్ తప్పేమీ లేదని తెలిసిన మనిషిని లోకంలో ఇక నేనొక్కదాన్నే కాదు.